హైదరాబాద్‌లో మా వారికి 33 రోజుల కరెంటు (రేడియేషన్): రూము, ముక్కు గొట్టం, జావ, రోజువారీ పని ఎలా అమర్చుకోవాలి?

ఖమ్మం చెల్లి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా వారికి నాలుక పక్కన క్యాన్సర్. ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో 33 రోజులు కరెంటు, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ కీమో రాశారు. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా బిగించే మాస్క్ తయారైంది, వచ్చే సోమవారం మొదలు. వయసు 52, బరువు 60 కిలోలు, షుగర్ లేదు. ఆపరేషనప్పుడు వేసిన ముక్కు గొట్టం ఇంకా ఉంది. నోటితో నాలుగైదు చెంచాలు మింగగలుగుతున్నారు.

దగ్గర ఉండేది నేనొక్కదాన్నే. అడగాల్సినవి నాలుగు. రూము ఎలాంటిది చూసుకోవాలి, శని ఆదివారాలు ఊరు వెళ్లి రావచ్చా? రాగి జావ పోస్తుంటే గొట్టం రెండుసార్లు మూసుకుపోయింది, ఎందుకు? రాత్రిపూట ఏ లక్షణం కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఏది తెల్లారేదాకా ఆగొచ్చు? చుట్టాలేమో గుడ్డు, పెరుగు పెట్టొద్దు, పంచదార అసలే వద్దు, కొబ్బరినీళ్లతో ఉంచమంటున్నారు. ఏది నమ్మాలి?

---

రెడ్‌హిల్స్ అన్నయ్య:

చెల్లీ, ముందు లెక్క చూసుకో. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున 33 అంటే ఆరున్నర వారాలు. పండగ సెలవులు, మెషిన్ ఆగిన రోజులు కలుపుకుంటే ఏడు వారాలు అనుకో. రూము రెండు నెలలకు మాట్లాడుకో. 33వ రోజు అయిపోగానే ఖాళీ చేయాలని పెట్టుకోకు, ఎందుకో కింద సిస్టర్ గారు చెబుతారు.

రూములో అద్దె కంటే ముందు చూడాల్సింది మెట్లు. నాలుగో వారం నుంచి రెండో అంతస్తు ఎక్కడం ఆయనకు కష్టమవుతుంది. కింది అంతస్తు గాని లిఫ్టు గాని ఉండాలి. కమోడ్ ఉంటే మేలు. ఇండక్షన్ పొయ్యి పెట్టుకోనిస్తారా, మిక్సీ తిరిగేంత కరెంటు లైను ఉందా అని అడ్వాన్సు ఇవ్వకముందే అడుగు. వంట చేసుకోనివ్వని లాడ్జి మీకు పనికిరాదు. గొట్టంలో పోసేది హోటల్లో దొరకదు. ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే దూరమైతే మంచిది. లేదంటే లక్డీకాపూల్, నాంపల్లి మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల చూడు. ధర్మశాలలో చోటు ఉందేమో ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను మొదటి రోజే అడుగు. అక్కడ వరుస ఉంటుంది, పేరు ముందే రాయించుకోవాలి.

సామాను ఎక్కువ వద్దు. మూడు లీటర్ల కుక్కరు, మిక్సీ, సన్నటి టీ వడకట్టు, ఫ్లాస్కు, 50 మి.లీ. సిరంజిలు రెండు, గీతలున్న కొలత గ్లాసు, డిజిటల్ థర్మామీటరు, బరువు చూసే మిషను, ఒక నోట్‌బుక్. తల కింద ఎత్తుకు మూడు గట్టి దిండ్లు.

ఫైలు రెండు భాగాలుగా పెట్టు. ఒకదాంట్లో ఒరిజినల్స్: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, స్కాన్ సీడీలు. ఇవి ఎవరికిచ్చినా తిరిగి తీసుకునేదాకా అక్కడి నుంచి కదలకు. రెండోదాంట్లో ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాల జిరాక్సులు ఐదేసి సెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు. కీమోకీ కరెంటుకీ అనుమతి విడివిడిగా వచ్చిందా అన్నది ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకో. ఒకటి వచ్చి ఒకటి రాకపోతే కీమో రోజు పొద్దున కౌంటర్ దగ్గర నిలబడిపోవాల్సి వస్తుంది.

రైలు రాయితీ వదులుకోవద్దు. క్యాన్సర్ రోగికి చికిత్స కోసం చేసే ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. సెకండ్ క్లాసు, ఏసీ చైర్ కార్‌లలో ఇద్దరికీ 75 శాతం. రైల్వే ఫారం మీద డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి. టికెట్ కౌంటర్లోనే తీసుకోవాలి. ఖమ్మం నుంచి పగటిపూట శాతవాహన, గోల్కొండ ఉన్నాయి కదా.

ఇక శని ఆదివారాలు ఊరికి. మొదటి రెండు వారాలు ఆయన ఓపికను బట్టి వెళ్లొచ్చు. మూడో వారం నుంచి వద్దు. సోమవారం రైలు ఆలస్యమైతే ఒక రోజు పోతుంది. ఆ ఒక్క రోజుకు ఏముందిలే అనుకోవద్దు. తల, మెడ క్యాన్సర్లలో కరెంటు మధ్యలో రోజులు తప్పితే, మిగిలిన కణాలు ఆ సందులో మళ్లీ పెరుగుతాయి, చికిత్స బలం తగ్గుతుంది. ఏ కారణం వల్లైనా ఒక రోజు తప్పితే దాన్ని ఎప్పుడు పూడుస్తారని డాక్టరును అదే రోజు అడుగు. నువ్వు వెళ్లే బదులు మీ ఆడపడుచునో తమ్ముణ్నో శనివారం రప్పించి, ఆదివారం సాయంత్రం దాకా ఉండమను. ఆ ఒక్క రాత్రి నువ్వు ఇంకోచోట పడుకో. ఏడు వారాలు ఒక్కదానివే అంటే ఐదో వారానికి మందుల వేళలు తప్పడం మొదలవుతుంది. అది ఆయనకే ప్రమాదం.

---

కీమో వార్డు సిస్టర్:

అమ్మా, ముందుగా ఒకటి. బయటి నుంచి పెట్టే కరెంటు వల్ల ఆయన ఒంట్లోంచి కిరణాలేమీ రావు. పక్కన పడుకోవచ్చు, పిల్లలు దగ్గర కూర్చోవచ్చు. జాగ్రత్త పడాల్సింది కీమో తర్వాత 48 గంటలు. మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, లెట్రిన్‌లో రెండుసార్లు నీళ్లు కొట్టండి, తడిసిన బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు చెప్పొద్దు.

రోజు ఇలా అమర్చుకోండి. పొద్దున లేవగానే జ్వరం చూసి రాయండి. బరువు వారానికి రెండుసార్లు, ఒకే వేళకు, ఒకే రకం బట్టల మీద. రెండు కిలోలు తగ్గితే కరెంటు డాక్టరుకు చెప్పండి. బరువు తగ్గితే మాస్కు వదులవుతుంది, తల కదులుతుంది, కిరణం పడాల్సిన చోటు తప్పుతుంది. అప్పుడు మాస్కు, ప్లానింగు మళ్లీ చేయాల్సి రావచ్చు. మీ వంట కూడా చికిత్సలో భాగమే అనుకోండి.

నోరు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను తినే సోడా. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. షాపుల్లో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లలో ఆల్కహాలు ఉంటుంది, పుండు మీద మంట పెంచుతుంది. పుండ్లు రెండో వారం చివర్లో మొదలవుతాయి. మింగే ముందు రాసిచ్చే తిమ్మిరి మందు పుక్కిలించాక వేడివి ఇవ్వొద్దు, కాలినా తెలియదు. పొలమారే ప్రమాదమూ ఉంది కాబట్టి నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుటకలే. నాలుక మీద తెల్లటి పొర కనబడితే అది ఫంగస్ కావచ్చు, మందు వేరే ఉంటుంది, చూపించండి. గొట్టం ఉంది కదా అని మింగడం పూర్తిగా మానేయనివ్వొద్దు. డాక్టరు వద్దనకపోతే రోజూ కొన్ని గుటకల నీళ్లైనా మింగాలి, లేకపోతే గొంతు కండరాలు ఆ పని మరిచిపోతాయి. నోరు వీలైనంత తెరిచి మూయడం పదిసార్లు చొప్పున, రోజుకు నాలుగు పూటలు.

మెడ చర్మం: పసుపు, నూనె, పౌడరు, జండూబామ్ ఏవీ వద్దు. బ్లేడుతో గడ్డం గీయొద్దు. కాలరు లేని నూలు చొక్కా. గోరువెచ్చని నీళ్లు పోసి, పాత పంచె ముక్కతో అద్దండి, రుద్దొద్దు. రాసిచ్చిన క్రీము కరెంటుకు వెళ్లే ముందు కాదు, వచ్చాక.

కీమోకు ముందు రోజే రక్త పరీక్ష చేయించండి. రక్తకణాల లెక్క, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) చూడకుండా సిస్‌ప్లాటిన్ ఎక్కించరు. ఇది మూత్రపిండాల మీద పడే మందు. అందుకే ముందూ వెనుకా సెలైన్ పెడతారు, ఇంట్లో కూడా రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల ద్రవం లోపలికి వెళ్లాలి. మూత్రం ఎన్నిసార్లు పోశారో రాయండి. చెవుల్లో హోరు, కాళ్లలో తిమ్మిరి వస్తే తర్వాతి కీమోకు ముందే చెప్పాలి. వాంతి మాత్రలు వాంతి వచ్చాక వేసేవి కావు. రాసిన మూడు నాలుగు రోజులూ వేళకు వేయాలి. నొప్పికి ట్రమడాల్, మార్ఫిన్ ఇస్తే భయపడొద్దు, కానీ మలబద్ధకం మందు కూడా అదే రోజు నుంచి మొదలుపెట్టమని అడగండి.

రాత్రి ఏ వేళైనా వెంటనే బయలుదేరాల్సినవి: 100.4 జ్వరం లేదా వణుకు. ఊపిరి ఆడకపోవడం. నోట్లోంచి ఆగని రక్తం. 24 గంటలుగా గొట్టంలో పోసింది కూడా నిలవకుండా వాంతులు. ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం. మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం. జ్వరమైతే పారాసిటమాల్ వేసి చూద్దాం అని ఆగొద్దు. తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరానికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది గానీ ఇన్ఫెక్షన్ ఆగదు. నోటి పుండ్ల వల్ల చంకలో పెట్టి చూస్తారు కదా, అక్కడ అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. చంకలో 99.5 దాటినా మళ్లీ అరగంటకు చూడండి. క్యాజువాలిటీలో మొదటి మాట ఇది: "కీమో మీద ఉన్నారు, చివరి కీమో ఫలానా తేదీన." అది వినగానే వరుస మారుతుంది.

గొట్టం ఊడిపోతే రాత్రికి ఆగొచ్చు, మందులు తప్పకుండా పొద్దున్నే వెళ్లండి. మీరే మళ్లీ తోయడం మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

---

ఖమ్మం చెల్లి:

సిస్టర్ గారూ, అన్నయ్యా, ఇవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. గొట్టం సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పండి. రాగి పిండి రెండు పెద్ద చెంచాలు వేసి కాచి, చల్లారాక పోస్తున్నాను. పోసేటప్పుడు పల్చగానే ఉంటుంది, సగంలో ఆగిపోతోంది. మాత్రలు కూడా నూరి అందులోనే కలుపుతున్నాను.

---

పోషకాహారం పద్మ:

అమ్మా, కారణాలు రెండూ మీరే చెప్పారు. మామూలు రాగి పిండిలోని పిండిపదార్థం చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. గ్లాసులో పల్చగా కనబడినా సన్నటి గొట్టంలో గడ్డ కడుతుంది. రాగులు 12 గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించండి. మొలకెత్తిన గింజలో ఆ పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము పుడుతుంది, అంతే పిండి వేసినా జావ జారుగా ఉంటుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడే రెండు కిలోలు పట్టించుకుని రండి. రెండో కారణం మాత్రలు. జావలో కలపొద్దు. ఒక్కో మాత్ర విడిగా మెత్తగా నూరి, 15 మి.లీ. నీళ్లలో కలిపి పోసి, మధ్యలో 10 మి.లీ. నీళ్లు. పాంటాప్రజోల్ లాంటి పూత మాత్రలు, నెమ్మదిగా కరిగే మాత్రలు నూరకూడదు, వాటికి బదులు ఏం ఇవ్వాలో డాక్టరును అడగండి.

పోసే పద్ధతి: తల వైపు కనీసం 30 డిగ్రీల ఎత్తు, కూర్చోగలిగితే ఇంకా మంచిది. ముక్కు దగ్గర గొట్టం మీద చెరగని పెన్నుతో గీత పెట్టండి. ఆ గీత బయటికి జరిగి ఉంటే పోయొద్దు. సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి కడుపులో ద్రవం వస్తుందో చూడండి. ముందు 30 మి.లీ. నీళ్లు. తర్వాత సిరంజి పిస్టన్ తీసేసి, గొట్టానికి తగిలించిన సిరంజిని తలకంటే జానెడు పైకి పట్టుకుని, 250 మి.లీ. 15 నుంచి 20 నిమిషాల్లో దానంతట అదే దిగనివ్వండి. నొక్కి తోస్తే కడుపుబ్బరం, వాంతి. చివర 30 మి.లీ. నీళ్లు, అది మరవొద్దు. దగ్గు వస్తే వెంటనే ఆపండి. అయ్యాక గంటసేపు పడుకోబెట్టొద్దు. మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లు 20 మి.లీ. మెల్లగా తోసి లాగడం, పది నిమిషాలు ఆగి మళ్లీ. తీగ పెట్టడం, బలంగా తోయడం వద్దు.

60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 2000 క్యాలరీలు, 75 గ్రాముల ప్రొటీన్ పెట్టుకోండి. జావ నాలుగుసార్లు: చిక్కటి పాలు 200 మి.లీ., నీళ్లు 50 మి.లీ., మొలక రాగి పిండి 20 గ్రాములు, పంచదార రెండు టీస్పూన్లు, నూనె ఒక టీస్పూను, దించాక పాలపొడి ఒక పెద్ద చెంచా. పప్పుకట్టు రెండుసార్లు: పెసరపప్పు 30 గ్రాములు, బియ్యం 15 గ్రాములు బాగా ఉడికించి, ఉడికిన గుడ్డొకటి, టీస్పూను నూనె కలిపి మిక్సీ పట్టి 300 మి.లీ. దాకా నీళ్లు పోసి వడకట్టాలి. ఒకసారి ఇంట్లో తోడేసిన పెరుగు 150 మి.లీ. నీళ్లతో చిలికి. పొద్దున 6కు మొదలుపెట్టి రెండున్నర గంటలకోసారి అంటే రాత్రి 9కి ఏడు పూటలూ అవుతాయి. కరెంటుకు వెళ్లే ముందు గంటలో మాత్రం పోయొద్దు, మాస్కు కింద వెల్లకిలా పడుకోవాలి. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకాపూటే చేయండి, చేసింది ఫ్లాస్కులో కాకుండా చల్లటి చోట, రెండు గంటలకు మించకుండా ఉంచండి. ఫ్లాస్కు గోరువెచ్చదనంలో పాలు త్వరగా చెడతాయి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

చుట్టాల మాటకు: పంచదార మానేస్తే గడ్డ ఎండిపోదు, మనిషే ఎండిపోతాడు. గుడ్డు పూర్తిగా ఉడికినదైతే మంచిది, పచ్చిది వద్దు. కొబ్బరినీళ్లలో ప్రొటీన్ దాదాపు లేదు. పైగా క్రియాటినిన్ పెరిగితే అందులోని పొటాషియం ఇబ్బంది. నాటు మందులు ఈ ఏడు వారాలు ఒక్క చెంచా కూడా వద్దు, సిస్‌ప్లాటిన్‌తో పాటు అవీ కిడ్నీ మీద పడితే కీమో ఆగిపోతుంది.

---

కీమో వార్డు సిస్టర్:

పద్మ గారు చెప్పిన కొలతలు మీ ఆసుపత్రి డైటీషియన్‌కు ఒకసారి చూపించండి. ఒకేసారి 250 పోయకుండా మొదటి రెండు రోజులు 150తో మొదలుపెట్టి పెంచండి.

రూము సంగతి: కరెంటు ఆఖరి రోజుతో బాధ తగ్గదు. పుండ్లు, జిగట ఉమ్మి ఆ తర్వాత వారం పది రోజులు ఇంకా ఎక్కువగా ఉంటాయి. చర్మం ఊడేది కూడా అప్పుడే. అందుకే ఆఖరి రోజు తర్వాత పది రోజులైనా దగ్గర్లో ఉండండి. గొట్టం ఎప్పుడు తీస్తారు, నొప్పి మందు ఎలా తగ్గించాలి, ఖమ్మంలో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లాలి అన్నవి డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. ఇక మీదట ఎప్పుడు పన్ను పీకించాల్సి వచ్చినా కరెంటు డాక్టరును అడక్కుండా పీకించొద్దు. కరెంటు పడిన దవడ ఎముక గాయం మానకపోవచ్చు, అది ఏళ్ల తర్వాత కూడా వర్తిస్తుంది. ఆ మాట ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.