ఆరు నెలలకోసారి రబ్బింగ్ పాలిష్ చేయిస్తే క్లియర్ కోట్ మిగులుతుందా?

బెజవాడ_బండి:

అందరికీ నమస్తే. నాది నల్ల రంగు సెడాన్, కొని నాలుగేళ్లు దాటింది. అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ పార్కింగ్ దొరకక బయట కానుగ చెట్టు కింద పెడుతున్నాను. పొద్దున్నే వాచ్‌మన్ ఒక బకెట్ నీళ్లు, ఒక పాత గుడ్డ తెచ్చుకుని వరసగా అందరి కార్లూ తుడిచేస్తాడు, అందులో నాదీ ఒకటి. ఇప్పుడు ఎండలో బానెట్ చూస్తే వెలుగు పడ్డ చోట చుట్టూ గుండ్రంగా సన్న గీతలు, లెక్కపెట్టలేనన్ని. రాత్రి పెట్రోలు బంకులో లైట్ల కింద ఆపితే ఇంకా దారుణంగా కనిపిస్తున్నాయి. రూఫ్ మీద బోరు నీళ్ల చుక్కలు ఎండి తెల్ల మరకలు పడ్డాయి, షాంపూతో ఎంత కడిగినా పోవడం లేదు.

సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ అక్కడివాళ్లు "రబ్బింగ్ పాలిష్, టెఫ్లాన్ కోటింగ్ ప్యాకేజీ తీసుకోండి సార్, ఆరు నెలలకోసారి చేయిస్తే బండి కొత్తదానిలాగే ఉంటుంది" అంటారు. మొదటిసారి చేయించాక నిజంగానే మెరిసిపోయింది, కానీ వానాకాలం అయ్యేసరికి గీతలన్నీ మళ్లీ తేలాయి. మా బాబాయేమో "రుద్దిన కొద్దీ పై పొర పోతుందిరా, ఊరికే రుద్దించకు" అంటున్నాడు. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. అసలు ఆ పొర ఎంత మందం ఉంటుంది, ఎన్నిసార్లు పాలిష్‌కి ఆగుతుంది? సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే గట్టి పారదర్శక పూత) వేయిస్తే ఇక పాలిష్ గొడవ ఉండదా? ఈ బండి ఇంకో ఎనిమిదేళ్లు వాడాలని ఉంది, అమ్మే ఉద్దేశం లేదు, అందుకే టెన్షన్.

మైక్రాన్_మేస్త్రి:

మీ బాబాయి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను డిటెయిలింగ్ పనిలో ఉన్నాను. ఈ ఆరు నెలల ప్యాకేజీ మాట వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ బండ్లు చివరికి మా దగ్గరికే వస్తాయి, అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు.

ముందు లెక్క చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెయింట్ అన్ని పొరలూ కలిపి చాలా కార్లలో 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అడుగున ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శక పొర, అదే క్లియర్ కోట్. ఈ క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే, అంటే తల వెంట్రుక మందంలో సగం అటూ ఇటూ. ఎండలోని యూవీ నుంచి రంగును కాపాడే రసాయనాలు ఉండేది ఆ పొరలోనే. అది పలచబడే కొద్దీ కాపుదల తగ్గుతుంది. అందుకే మా పనిలో ఒక లెక్క పెట్టుకుంటాం, బండి ఉన్నన్నాళ్లూ మొత్తం కలిపి 7, 8 మైక్రాన్లకు మించి తీయకూడదు అని.

పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు ఎంత లోతున ఉందో చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను ఆ మట్టానికి దించడం. పోయింది మళ్లీ రాదు. ఉన్ని ప్యాడ్, గరుకు కాంపౌండ్ (రాపిడి పేస్టు) పెట్టి మెషీన్ గట్టిగా అదిమితే ఒక్కసారికే 3, 4 మైక్రాన్లు పోవచ్చు, మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద ఫినిషింగ్ పాలిష్ అయితే ఒక మైక్రాన్ దగ్గర్లో పోతుంది. ఇప్పుడు ఆ గరుకు పని ఏడాదికి రెండుసార్లు చొప్పున నాలుగేళ్లు వేసుకోండి, ఎక్కడికి వెళ్తుందో మీకే తెలుస్తుంది. రూఫ్ మీదా బానెట్ మీదా తెల్లగా పొక్కి పొరలు లేచిన కార్లు రోడ్డు మీద చూసే ఉంటారు, క్లియర్ కోట్ చచ్చిపోతే అలాగే ఉంటుంది. దానికి ఏ పాలిషూ పనికిరాదు, ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేయించడమే దారి.

మీ గీతలు వానాకాలానికల్లా తిరిగి ఎందుకొచ్చాయంటే, కొన్ని కాంపౌండ్లలో నూనెలు, మైనం లాంటి ఫిల్లర్లు ఉంటాయి. అవి గీతల్లోకి దిగి కప్పేస్తాయి, నాలుగు కడుగులకు కరిగిపోతాయి, అడుగున గీత ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి ఈసారి ఎక్కడ చేయించినా పాలిష్ అయ్యాక, కోటింగ్ ఏదీ వేయకముందే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి ఒక ప్యానెల్ తుడిచి టార్చి వేసి చూపించమనండి. అప్పుడూ గీతలు కనపడకపోతే పని నిజంగా జరిగినట్టు. చూపించం అన్నారంటే అక్కడ చేయించకండి.

ఇంకోటి, షాపులో మందం కొలిచే మీటరు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల పెట్టి చూడాలి. 110, 120 వస్తే ధైర్యంగా తేలికపాటి పాలిష్ చేయొచ్చు, 80 దగ్గర్లో ఉంటే మెషీన్ పెట్టకపోవడమే మేలు. ఒక్కసారిగా 250, 300 చూపించిందంటే అక్కడ రీపెయింటో పుట్టీయో జరిగింది. కానీ షాపుల్లో ఉండే మీటర్లు మొత్తం మందమే చెబుతాయి, క్లియర్ కోట్ విడిగా ఎంతుందో చెప్పవు, ప్లాస్టిక్ బంపర్ మీద పనే చేయవు. అందుకే మీటరు ఉన్నా ఒళ్లు దగ్గర పెట్టుకునే చేయాలి.

పాలిష్ మెషీన్లలో రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, ఒకే చోట ఆపితే వేడి పుట్టి క్షణాల్లో పెయింట్ కాలుతుంది. డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషీన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి తక్కువ, ప్రమాదం తక్కువ. బానెట్ మీద మడత గీతలు, డోర్ అంచులు, ఫెండర్ అంచుల దగ్గర పెయింట్ పలచగా ఉంటుంది, మాస్కింగ్ టేప్ వేయకుండా అక్కడ మెషీన్ ఆనించనివ్వకండి. పని జరుగుతుంటే ప్యాడ్ కూడా చూస్తూ ఉండండి. నల్ల రంగు అంటుతుంటే క్లియర్ కోట్ దాటి రంగులోకి వెళ్లిపోయినట్టే, వెంటనే ఆపించాలి. పాతకాలపు అంబాసిడర్ లాంటి సింగిల్ స్టేజ్ పెయింట్ బండ్లకు పైన క్లియర్ పొర ఉండదు కాబట్టి వాటికి రంగు అంటడం మామూలే, మీ బండికి మాత్రం కాదు.

ఉక్కు_నగరం:

మేస్త్రి గారు పాలిష్ సంగతి చెప్పారు, నేను కడగడం గురించి చెబుతాను, ఎందుకంటే అసలు గీతలు పుట్టేది అక్కడే. బెజవాడ బండి గారూ, ముందు ఆ వాచ్‌మన్ గుడ్డ ఆపండి. బండి మీద పేరుకున్న దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, పొడిగా ఉండగానే తుడిస్తే ప్రతి రేణువూ గీత గీస్తుంది. పైగా ఒకే బకెట్ నీళ్లతో పదిహేను కార్లు తుడిచాక ఆ నీళ్లలో మట్టి తప్ప ఏముంటుంది? అతన్ని తిట్టి లాభం లేదు, ఇచ్చే డబ్బులు ఇస్తూనే "అద్దాలు, చక్రాలు మాత్రం చూడు బాబూ, బాడీ నేను చూసుకుంటా" అని చెప్పండి.

మా విశాఖలో పోర్టు వైపు పెట్టిన బండి మీద ఒక్క రాత్రిలో నల్లదుమ్ము పొర పడుతుంది, బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. పైన సముద్రం తేమ. అయినా ఇక్కడ పద్ధతిగా కడిగే వాళ్ల బండ్లు ఏళ్ల తరబడి పాలిష్ లేకుండా బాగానే ఉంటున్నాయి. ముందు పైపుతో నీళ్లు కొట్టి దుమ్మంతా జారిపోనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్లు. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌తో ఒక ప్యానెల్ రుద్దగానే మంచినీళ్లలో జాడించి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. రూఫ్ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, డోర్ల అడుగు భాగం, చక్రాలు ఆఖరున, వాటి గుడ్డ వేరు. గిన్నెలు తోమే లిక్విడ్ వాడొద్దు, ఉన్న మైనాన్ని లాగేస్తుంది. కింద పడ్డ గుడ్డని మళ్లీ బండి మీద పెట్టొద్దు, ఎంత దులిపినా సరే.

బోరు నీళ్లతో కడిగితే ఎండలో అస్సలు వద్దు. సాయంత్రం పూట కడిగి, నీళ్లు ఆరేలోపు పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి నీళ్లు పీల్చనివ్వండి, రుద్దక్కర్లేదు. మీ రూఫ్ మీద మరకలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, బండి చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది ఒక నిమిషం ఉంచి కడిగేయండి. సున్నం పైపైన ఉంటే పోతుంది. పోలేదంటే క్లియర్ కోట్‌లోకి దిగిందని, అప్పుడు అక్కడివరకే పాలిష్. చెట్టు కింద పెడతారు కాబట్టి పిట్టల రెట్టలు తప్పవు, వాటిలో ఆమ్లం ఉంటుంది, ఎండ తోడైతే కొన్ని గంటల్లోనే మచ్చ దిగుతుంది. కారులో ఒక నీళ్ల సీసా, టిష్యూలు పెట్టుకోండి, తడి టిష్యూ రెట్ట మీద పరిచి నాననిచ్చి ఎత్తేయండి, గీకొద్దు.

కడిగాక ఒక పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరగరలాడితే ఇనుప రజను, తారు అంటుకుని ఉన్నాయన్నమాట. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుము ఉన్నచోట ఊదారంగు కారుతుంది, కడిగేసి, ఇంకా గరుకుంటే బాగా తడిగా ఉంచి క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) ఆడించండి. క్లే కూడా కాస్త గీతలు పెడుతుంది, అందుకే పాలిష్ చేసే ముందు మాత్రమే.

మైనం_చాలు:

సిరామిక్ గురించి నా అభిప్రాయం చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. సిరామిక్ మంచిదే, కానీ అమ్మేవాళ్లు చెప్పినంత కాదు. పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. నీళ్లు నిలవకుండా జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, రెట్టలు, బంక నుంచి కొంత కాపు కాస్తుంది. రాళ్ల దెబ్బల్ని ఆపలేదు, ఇసుక గుడ్డతో తుడిస్తే గీతలూ పడతాయి. 9హెచ్ అని గొప్పగా చెప్పేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష, 9హెచ్ పెన్సిల్‌కి గీత పడలేదు అంటే ఇసుకకు పడదని కాదు. గీతలున్న పెయింట్ మీదే వేస్తే ఆ గీతలు కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి, కాబట్టి ముందు ఒకసారి సరిగ్గా పాలిష్ చేసి, అప్పుడే వేయాలి. పైగా బోరు నీళ్ల చుక్కలు కోటింగ్ మీద కూడా ఎండి మరకలవుతాయి, తుడుచుకోవడం తప్పదు.

టెఫ్లాన్ ప్యాకేజీ మాత్రం వద్దే వద్దు. పెనానికి టెఫ్లాన్ పట్టించడానికి 327 డిగ్రీలు దాటి వేడి చేస్తారు, ఆ పదార్థం కరిగేదే అక్కడ. కారు బాడీని అంత వేడి చేయలేం కదా. షాపులో పూసేది మామూలు సీలెంట్ పాలిష్, పేరే పెద్దది.

బయట పార్కింగ్ కాబట్టి నేనైతే సింథటిక్ సీలెంట్ (మైనం లాంటి కృత్రిమ పూత) అంటాను. మూడు నాలుగు నెలలు ఉంటుంది, ఇంట్లోనే అరగంటలో పూసుకోవచ్చు, క్లియర్ కోట్‌ను ఏమాత్రం తీయదు. కార్నౌబా అనే చెట్టు మైనం నల్ల రంగు మీద అందంగా ఉంటుంది గానీ మన ఎండలకు నెలా రెండు నెలల్లో పోతుంది. హైవే మీద బాగా తిరుగుతారా? అయితే బానెట్, ముందు బంపర్ వరకు పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఆలోచించండి. అది 150 నుంచి 200 మైక్రాన్ల పాలియురేథేన్ ఫిల్మ్, రాయి దెబ్బను నిజంగా ఆపేది అదొక్కటే. బండి మొత్తానికి అయితే ఖర్చు చాలా ఎక్కువ, అవసరం లేదు.

మైక్రాన్_మేస్త్రి:

మైనం చాలు గారితో దాదాపు ఒప్పుకుంటాను గానీ, ఎనిమిదేళ్లు ఉంచుకునే నల్ల బండికి, అదీ చెట్టు కింద పెట్టేదానికి, ఒకసారి పాలిష్ చేసి మంచి సిరామిక్ వేయడమే నయం అని నా మాట. ఏటా పాలిష్ పెట్టాలన్న ఆశ తగ్గుతుంది, అదే పెద్ద లాభం.

బెజవాడ_బండి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతాను. డోర్ హ్యాండిల్ వెనక గోళ్ల గీతలు, ఎడమ ఫెండర్ మీద తాళం చెవి గీత ఒకటి ఉన్నాయి. ఇవి చేత్తో పాలిష్ చేస్తే పోతాయా? ముందు చిన్న పాలిష్‌తో మొదలుపెట్టాలంటే ఎలా?

మైక్రాన్_మేస్త్రి:

గీతకు అడ్డంగా గోరు ఆడించండి తమ్ముడూ. గోరు తట్టకపోతే పాలిష్‌తో పోతుంది లేదా బాగా తగ్గుతుంది. గోరు తట్టుకుని ఆగిందంటే అది లోతైనది, దానికోసం రుద్దుకుంటూ పోతే గీతకంటే ముందు క్లియర్ కోట్ అయిపోతుంది. తాళం చెవి గీత సాధారణంగా ఈ రెండో రకమే. దానికి టచప్ పెయింట్ సన్న బ్రష్‌తో వేసుకుని, కాస్త కనిపించినా వదిలేయండి. హ్యాండిల్ వెనక గోళ్ల గీతలు చిన్న ఫోమ్ అప్లికేటర్ మీద బఠాణీ గింజంత ఫినిషింగ్ పాలిష్ వేసి చేత్తో రుద్దితే చాలామటుకు పోతాయి, అక్కడ మెషీన్ పట్టదు కూడా.

బానెట్‌కి మాత్రం ముందు ఒక అడుగున్నర చదరం టేప్ వేసి, మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో డీఏ మీద ఒక్క విడత చేయించి, ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో చూడండి. అందులో ఎనభై శాతం గీతలు తగ్గితే బండంతా దాంతోనే చేయించండి, మిగతా ఇరవై శాతం జోలికి వెళ్లొద్దు. సరిపోలేదనిపిస్తే ముందు ప్యాడ్ ఒక మెట్టు గట్టిది మార్చి అదే చదరంలో చూడాలి, అదీ చాలకపోతేనే కాంపౌండ్. చేసేముందు, చేసిన తర్వాత మీటరు అంకెలు ప్యానెల్ వారీగా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, మూడేళ్ల తర్వాత ఇంకెవరైనా పాలిష్ అంటే ముందు అవి చూపించండి.