పైలట్ లైసెన్స్ ఫైలు నెలల తరబడి 'అండర్ ప్రాసెస్': మీకెలా కదిలింది?

గోదారి_గాలి:
అందరికీ నమస్కారం. అమెరికాలో పైలట్ ట్రైనింగ్ పూర్తిచేసి, అక్కడి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తీసుకుని వచ్చాను. దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడానికి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి సంక్రాంతి ముందు ఆన్‌లైన్‌లో ఫైలు పెట్టాను. వినాయక చవితి కూడా వెళ్లిపోయింది. పోర్టల్ తెరిస్తే అదే 'అండర్ ప్రాసెస్'. ఫోన్ ఎత్తరు, ఎత్తితే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే అందిందని ఆటోమేటిక్ జవాబు వస్తుంది. లోన్ వాయిదాలు మొదలైపోయాయి. నాకింకా నలభై రాలేదు కాబట్టి క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్) ఏడాది పాటు చెల్లుతుంది, కానీ ఆ ఏడాదిలో సగానికి పైగా ఈ ఎదురుచూపుల్లోనే కరిగిపోయింది. ఇది దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి, ప్లీజ్.

ఫ్లోరిడా_రిటర్న్:
తమ్ముడూ, ముందు ఒక సంగతి చూసుకో. నీ టెన్త్ మెమోలో, ఇంటర్ మెమోలో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉందా? మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, తర్వాత పేరు రెండు ముక్కలు. ఇంటర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి పోయింది. అమెరికా లైసెన్సు పాస్‌పోర్టు చూసి ప్రింట్ చేశారు. ఇక్కడి పోర్టల్ నా పేరును మెమో ప్రకారం తీసుకుంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు!

పేరు తేడా ఉందని క్వెరీ వేశారు. అఫిడవిట్ చేయించి పంపాను. అప్పుడు లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు రాసే పుస్తకం) ఒక పేజీ మీద ఫ్లయింగ్ స్కూలు స్టాంపు మసకగా ఉందన్నారు. అదీ పంపాను. ఆ తర్వాత, అమెరికా నుంచి లైసెన్స్ వెరిఫికేషన్ లెటర్ ఇంకా రాలేదన్నారు. ఆ లెటర్ మొదటి రోజూ లేదు కదా! ఆ రోజే మూడూ కలిపి అడిగితే ఏం పోయింది? ఒక క్వెరీకి జవాబిచ్చాక ఫైలు మళ్లీ వరుస చివరికి పోతుంది. అసలు ఆలస్యం అక్కడే.

శంషాబాద్_స్పానర్:
పైలట్లకే అనుకోకండి, మాదీ అదే కథ. నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. మాడ్యూల్ పరీక్షలన్నీ పాసయ్యాక కూడా విమానం మీద చేసిన పనుల రికార్డు పెట్టాలి. ఏ రోజు, ఏ విమానం, ఏ పని, ఎవరు సంతకం చేశారు, అన్నీ ఉండాలి. నా రికార్డులో సంతకం పెట్టిన సీనియర్ గల్ఫ్‌కి వెళ్లిపోయాడు. ఆ సంతకం ఆయనదేనని నిరూపించమని రాశారు. అడగడం సబబే. కానీ ఆ మాట చెప్పడానికి ఫైలు అన్నాళ్లు టేబుల్ మీద ఎందుకు పడుకుంది? ఈలోపు నా బ్యాచ్‌మేట్లు లైసెన్స్ అలవెన్సు తీసుకుంటున్నారు, నేను ఇంకా హెల్పర్ జీతం మీదే ఉన్నాను.

పాత_కాక్‌పిట్:
పిల్లల కోపం అర్థమవుతుంది. కానీ ఇంత కచ్చితం ఎందుకో కూడా తెలియాలి. 2011లో గోవాలో ఒక విమానం వెనక చక్రాలకు బదులు ముక్కు చక్రం మీద దిగింది. కూపీ లాగితే ఆ పైలట్ నకిలీ మార్కుల షీటుతో ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్స్) సంపాదించినట్టు బయటపడింది. ఇంకా తవ్వితే అలాంటివాళ్లు మరికొందరు దొరికారు, అరెస్టులు జరిగాయి. అప్పటి నుంచి ప్రతి కాగితాన్నీ అనుమానంతోనే చూస్తారు. వెనక రెండు వందల మందిని కూర్చోబెట్టుకుని నడిపే ఉద్యోగం ఇది. ఆలస్యమైనా ఫరవాలేదు గానీ దొంగ కాగితం దాటిపోకూడదు.

శంషాబాద్_స్పానర్:
కెప్టెన్ గారూ, కాగితాలు చూడొద్దని ఇక్కడ ఎవరూ అనలేదండీ. చూసేవాళ్లే లేరన్నది మా బాధ. 2014 జనవరిలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మన దేశాన్ని భద్రత రేటింగులో రెండో కేటగిరీకి దించింది కదా, అప్పుడు చెప్పిన కారణాల్లో తగినంతమంది తనిఖీ అధికారులు లేకపోవడం ఒకటి. 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి కేటగిరీ ఇచ్చారు. పదేళ్లు గడిచాక, 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఏం రాసింది? నియంత్రణ సంస్థకు మంజూరైన పోస్టులు 1,063 అయితే ఉన్నది 553 మందే అని. విమానాలేమో ఏటేటా పెరుగుతున్నాయి. సగం మందితో నడిచే ఆఫీసులో దొంగ కాగితం మాత్రం దొరుకుతుందన్న నమ్మకం ఏంటి?

పాత_కాక్‌పిట్:
ఆ లెక్క కాదనను. ఖాళీలు నింపాల్సిందే.

పైలట్_వాళ్ల_నాన్న:
మాది కర్నూలు దగ్గర పల్లె. మా అమ్మాయి చదువుకు పొలం కుదువ పెట్టాం. ఊళ్లో కనపడిన ప్రతివాడూ "పాప ఇంకా విమానం ఎక్కలేదా" అని అడుగుతాడు. పాప విమానం దిగి వచ్చి ఎన్నాళ్లయిందో వాళ్లకేం తెలుసు! ఢిల్లీలో డీజీసీఏ ఆఫీసుకి కూడా వెళ్లొచ్చాను. గేటు దగ్గర పాసు రాయించుకుని లోపలికి వెళితే, ఆ సీటు సార్ సెలవు అన్నారు. పక్క సీటాయన మంచివాడు, కంప్యూటర్‌లో చూసి, "ఇది నా సెక్షన్ కాదు, కానీ మీ అమ్మాయి పన్నెండో తరగతి బోర్డు వెరిఫికేషన్ కనపడట్లేదు" అన్నాడు. అంతే సంగతి. ఆ ఒక్క ముక్క ఆన్‌లైన్‌లో రాసి ఉంటే నాకు రైలు ఖర్చు మిగిలేది. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే విమానయాన మంత్రి కదా, ఆయనకు అర్జీ పెడితే పనవుతుందా అండీ?

రూల్_బుక్:
నాన్నగారూ, మంత్రికి అర్జీ పెట్టినా అది తిరిగి తిరిగి ఆ సెక్షన్‌కే వస్తుంది. దానికంటే కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో నేరుగా వేయండి. 2024 ఆగస్టు నుంచి పరిష్కారం గడువు 21 రోజులు. చాలాసార్లు తేలికగా ఒక వాక్యం రాసి మూసేస్తారు, అప్పీలు చేయండి. రెండోది ఆర్టీఐ. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో "ఎందుకు ఆలస్యం" అని అడగకండి, దానికి సమాచారం లేదని తప్పించుకుంటారు. "ఫలానా నంబరు ఫైలు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, దాని మీద రాసిన నోట్ కాపీ ఇవ్వండి" అని అడగండి. నాకు తెలిసిన రెండు ఫైళ్లు ఆర్టీఐకి జవాబు రాకముందే కదిలాయి.

గోదారి_గాలీ, నీకు ఒక హెచ్చరిక. క్వెరీ వేరు, రిజెక్ట్ వేరు. సీపీఎల్‌కి 200 గంటలు, అందులో పీఐసీగా (విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా) 100, ఇది అందరికీ తెలుసు. ఆ 100లో 15 గంటలు అప్లికేషన్ తేదీకి ముందు ఆరు నెలల్లో చేసి ఉండాలి. క్వెరీ అయితే నీ పాత తేదీ నిలుస్తుంది. రిజెక్ట్ చేసి కొత్తగా పెట్టుకోమంటే ఆరు నెలలు కొత్త తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. అంటే ఇక్కడ ఫ్లయింగ్ క్లబ్బులో చేతి డబ్బుతో మళ్లీ ఎగరాలి. కాబట్టి క్వెరీకి గడువులోపే జవాబు పెట్టు, అప్‌లోడ్ చేసిన స్క్రీన్‌షాట్ దాచుకో.

రేడియో_రాణి:
ఆర్‌టీఆర్ (విమానం రేడియోలో మాట్లాడటానికి కావాల్సిన లైసెన్స్) సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇన్నాళ్లూ ఆ రేడియో లైసెన్స్ టెలికాం శాఖ ఇచ్చేది. కొత్త వాయుయాన చట్టంతో 2025 జనవరి 1 నుంచి విమానయానం వైపుకు మార్చారు. ఒకే గొడుగు కిందకి రావడం మంచిదే. కానీ మార్పిడి సమయంలో ఇరుక్కున్న మాలాంటివాళ్లకి "వాళ్లనడగండి", "వీళ్లనడగండి" తప్ప జవాబు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది.

సత్తెనపల్లి_డ్రోన్:
పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతాను. 2022 సవరణ తర్వాత మా రిమోట్ పైలట్ సర్టిఫికెట్ గుర్తింపు పొందిన ట్రైనింగ్ స్కూలే ఇచ్చేస్తోంది. నాకు ఢిల్లీతో పనే పడలేదు. మీ టెన్షన్ చూస్తుంటే నేనే నయం అనిపిస్తోంది.

ఫ్లోరిడా_రిటర్న్:
అన్నా, నువ్వు కింద నిలబడి ఎగరేస్తావు కాబట్టి సరిపోయింది. కానీ పాయింటే. 2025 ఫిబ్రవరిలో ఫోన్‌లో చూపించే ఎలక్ట్రానిక్ లైసెన్స్ కూడా తెచ్చారు, కార్డు ప్రింటు కోసం పడిగాపులు తప్పాయి. చేయాలనుకుంటే చేయగలరు. ఫైలు ఎవరి దగ్గరుందో చూపించే ఒక్క గడి పోర్టల్‌లో పెట్టడం అంతకంటే కష్టమా?

గోదారి_గాలి:
రూల్_బుక్ గారూ, చాలా థ్యాంక్స్. ఆర్టీఐ వేశాను. జవాబు రాలేదు గానీ నిన్న పోర్టల్‌లో క్వెరీ పడింది! పీఐసీగా రాత్రి పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు విడిగా చూపించమన్నారు. నా లాగ్‌బుక్‌లో రాత్రి గంటలు వేరుగానే ఉన్నాయి, ల్యాండింగ్‌లు మాత్రం పగలూ రాత్రీ ఒకే కాలమ్‌లో రాశారు. స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే చాలా?

రూల్_బుక్:
లెటర్ ఒక్కటే పంపకు. రాత్రి ఎగిరిన రోజుల పట్టిక చేయి. తేదీ, విమానం రిజిస్ట్రేషన్, ఎయిర్‌పోర్టు, ఎన్ని టేకాఫ్‌లు, ఎన్ని ల్యాండింగ్‌లు, లాగ్‌బుక్ పేజీ నంబరు, అన్నీ వేసి, దాని మీద చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ చేత సంతకం, స్టాంపు వేయించు. స్టాంపు మసకగా పడితే అక్కడికక్కడే మళ్లీ వేయించు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమను.