పత్తికి తెచ్చిన మందు మిగిలింది, పెరటి కూరగాయలకు కొట్టవచ్చా?

ప్రశ్న (రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా):
అందరికీ నమస్కారం. ఇంటి వెనక వంగ, బెండ, టమాట, చిక్కుడు పందిరి, కాస్త పాలకూర వేసుకున్నాం. వంకాయల్లో సగం పుచ్చులే వస్తున్నాయి. బెండ ఆకుల అంచులు పైకి ముడుచుకుని పసుపు రంగుకు తిరుగుతున్నాయి. పత్తికి తెచ్చిన మందు పావు డబ్బా మిగిలింది. రేపు చేనులో కొట్టాక పంపు అడుగున మిగిలింది పెరట్లో కూడా కొట్టేస్తానని మా మరిది అంటున్నాడు. వారం ఆగి బాగా కడుక్కుని తింటే ఏమీ కాదట. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. డబ్బా మీద ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ రెండూ కలిపిన మందు అని ఉంది. పంటల దగ్గర పత్తి పేరు ఒక్కటే కనిపిస్తోంది.

బల్లార్‌పూర్ నుంచి:
వద్దు చెల్లీ, రేపు కొట్టనివ్వకండి. పత్తి మనం తినేది కాదు, వంకాయ తినేది. పక్క జిల్లా యవత్‌మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ విషం సోకి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. పాప తిరిగే పెరట్లో అలాంటి మందులు వద్దే వద్దు.

సిరొంచ నుంచి (కూరగాయల రైతు):
అక్కా, మీ మరిది చెప్పిన "వారం" అనే లెక్క దగ్గరే అసలు చిక్కు ఉంది. అన్ని మందులకూ, అన్ని కూరగాయలకూ సరిపోయే గడువు ఏదీ లేదు. డబ్బాతో వచ్చే కాగితంలో పంట పేరు, పురుగు పేరు, మోతాదు రాసిన పట్టిక ఉంటుంది. అందులోనే వెయిటింగ్ పీరియడ్ రోజుల్లో ఇస్తారు. మందు కొట్టిన రోజు నుంచి అన్ని రోజులు దాటాకే కాయ కోయాలి.

క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ అనే పురుగుమందు చూడండి (పేరు పక్కన అంకె మందు శాతం, అక్షరాలు మందు రూపం చెబుతాయి). టమాటకు 3 రోజులు, బెండకు 5 రోజులు, వంకాయకు మాత్రం 22 రోజులు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అయితే బెండకు, టమాటకు 3 రోజులే, మిరపకు 40 రోజులు. మందు ఒకటే అయినా పంట మారితే గడువు ఇంత మారుతుంది. మీ డబ్బా మీద పత్తి ఒక్కటే ఉందంటే వంకాయకు ఎన్ని రోజులు ఆగాలో లెక్కపెట్టడానికి ఆధారమే లేదు. వారం ఆగినా, నెల ఆగినా అది ఊహే.

కడిగితే పోతుందన్న మాట సగమే నిజం. ధారగా పడే నీళ్ల కింద రుద్ది కడిగితే పైన అంటుకున్నది కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క లోపలికి వెళ్తాయి. ఉప్పునీళ్లలో నానబెట్టినా లోపలున్నది బయటికి రాదు.

ప్రశ్న అడిగినామె:
అన్నా, మరి ఈ పుచ్చులకు ఏం చేయాలి? మందు లేకుండా ఆగుతాయా?

సిరొంచ నుంచి:
పెరట్లో పది, ఇరవై మొక్కలే కాబట్టి చేతులతోనే చాలావరకు ఆపవచ్చు. వంగలో ఏ కొమ్మ కొస వాడి వేలాడుతుంటే ఆ మొవ్వులో పురుగు ఉన్నట్టే. తొలిచిన చోటికి కాస్త కింద తుంచేయండి. తుంచిన కొసల్ని, పుచ్చుకాయల్ని అక్కడే పడేస్తే పురుగు బయటికొచ్చి మళ్లీ మొదలవుతుంది. కాల్చేయాలి, లేదా లోతుగా పాతిపెట్టాలి. వారానికి రెండుసార్లు తప్పకుండా చేయండి. అమ్మ, అత్తమ్మ ఎవరైనా కూర కోసేటప్పుడే చేయగల పని ఇది. ఈ పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) కూడా దొరుకుతాయి.

బెండ మీద ఉన్నది పచ్చదోమలా ఉంది. ఆకు తిప్పి చూడండి, ముట్టుకోగానే పక్కకు నడిచే చిన్న పచ్చ పురుగులుంటే అదే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె వేసి, నూనె నీళ్లలో కలవడానికి కాస్త సబ్బునీళ్లు పోసి, సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. వేపకు ఎండ పడదు, పొద్దున్నే కొడితే బలం తగ్గిపోతుంది. వేప గింజలు దాచుకుని ఉంటే, అర కిలో పప్పు పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, మొత్తం పది లీటర్లు చేసుకోండి. ఇది చిన్న పురుగుల మీద పనిచేస్తుంది. కాయ లోపలికి దూరిన పురుగును ఏ కషాయమూ చంపలేదు, అందుకే తుంచడం మానకూడదు. కొనుక్కొచ్చిన వేపమందైతే దాని కాగితంలో కూడా గడువు చూడండి.

ఇన్ని చేసినా తప్పకపోతే, మీ కూరగాయ పేరు కాగితంలో ఉన్న మందే అడిగి తీసుకోండి. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీకి వంకాయ మీద 3 రోజులు, బెండ మీద 5 రోజులు గడువు. కొట్టే ముందు కోతకు వచ్చినవన్నీ కోసేసుకోండి. బెండ రోజు విడిచి రోజు కోతకు వస్తుంది కదా, ఆ 5 రోజుల్లో ముదిరిన కాయల్ని విత్తనానికి వదలండి, లేకపోతే పాతిపెట్టండి. ఆవుకు వేయకండి. పాలకూరకు అసలు మందు వద్దు. పక్కన కొట్టే పని ఉంటే ముందే మొత్తం కోసేయండి, గాలికి తుంపర దాని మీదే పడుతుంది.

వణి నుంచి:
మా ఇంట్లో మొన్నే పత్తి మందు టమాట మీద కొట్టేశారు. కాయలు ఎర్రబడుతున్నాయి. ఏం చేయమంటారు?

సిరొంచ నుంచి:
ఇప్పుడు మొక్క మీదున్న కాయలు, పచ్చివైనా పండువైనా, తినకండి, అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. కోసి పాతిపెట్టండి. డబ్బా, కాగితం పట్టుకుని మీ ఊరి వ్యవసాయ శాఖ ఉద్యోగిని కలవండి. డబ్బా మీద మోనోక్రోటోఫాస్ అని ఉంటే ఆయనకు అది ముందే చెప్పండి. కూరగాయల మీద దాని వాడకం 2005 నుంచే నిషేధం. కొట్టినవారికి గానీ తిన్నవారికి గానీ వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, డబ్బా వెంట తీసుకెళ్లండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. బలవంతంగా వాంతి చేయించకండి.

బల్లార్‌పూర్ నుంచి:
ఒక మాట కలుపుతాను. చేనులో గడ్డిమందు కొట్టిన పంపుతో పెరట్లో వేపనూనె కూడా కొట్టకండి. 2,4-డి అనే గడ్డిమందు అవశేషం కొంచెం మిగిలినా టమాట, వంగ ఆకులు మెలికలు తిరిగిపోతాయి. పెరటికి రెండు లీటర్ల చేతి పంపు వేరుగా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినామె:
మరిదికి అంతా చదివి వినిపించాను, పెరట్లో కొట్టనని ఒప్పుకున్నాడు. ఈరోజు వాడిన కొసలు తుంచితే అరబుట్ట అయ్యాయి. మరి ఆ పావు డబ్బా మందు ఏం చేయాలి?

సిరొంచ నుంచి:
గడువు తేదీ దాటకపోతే పత్తికే వాడేయండి. అప్పటిదాకా అదే డబ్బాలో, మూత బిగించి, పాపకు అందని చోట తాళం వేసి ఉంచండి. నీళ్ల సీసాలోకి మార్చకండి. అయిపోయాక డబ్బాను మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసి చేనులోనే కొట్టేయండి. తర్వాత డబ్బాకు రంధ్రాలు పొడవండి, ఎవరూ మళ్లీ నూనెకో నీళ్లకో వాడకుండా.