వీఎల్‌సీ తెరుచుకోకపోతే విండోస్ మొత్తం తుడిచేయాలా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మా నాన్నగారు చెక్కభజన గురువు. ఆయన బృందం పాడిన 40 క్యాసెట్లను రెండు వేసవి సెలవులు కూర్చుని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. బ్యాటరీ ఎప్పుడో పోయింది, నేరుగా కరెంటు మీదే నడుపుతున్నాను. నెల కిందట కరెంటు పోయి ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పటి నుంచి పాటలు వినిపించే వీఎల్‌సీ ప్లేయరు తెరిస్తే క్షణం కనిపించి మూసుకుపోతోంది. విండోస్ మీడియా ప్లేయరులో లైబ్రరీ ఖాళీ. వీఎల్‌సీని మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను, మార్పు లేదు. అదే లాప్‌టాప్‌లో మా అబ్బాయి ఖాతాలో మాత్రం రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. దుకాణంలో ఫార్మాట్, అంటే అంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేయడం, ఒక్కటే దారి అన్నారు. నిజమేనా?

గడియార స్తంభం (అనంతపురం):
ఒప్పుకోవద్దమ్మా. మీ అబ్బాయి ఖాతాలో పనిచేస్తోందంటే తప్పు ప్లేయరుది కాదు, విండోస్‌ది కూడా కాదు. ప్రోగ్రాము ఒకచోట ఉంటుంది, దాని సెట్టింగులు యూజర్స్ ఫోల్డరులో మీ పేరు మీద ఉన్న ఫోల్డరులో ఉంటాయి. తీసేసేటప్పుడు వాటిని కూడా చెరిపేయమని టిక్కు పెడితే తప్ప అవి అక్కడే ఉండిపోతాయి. కొత్తగా వేసిన వీఎల్‌సీ మళ్లీ ఆ పాడైన సెట్టింగులనే చదువుకుంటుంది. ముందు మీ ఫోల్డరులోని అప్‌డేటా (AppData) అనే ఫోల్డరులో, రోమింగ్ లోపల ఉన్న వీఎల్‌సీ ఫోల్డరు పేరు మార్చి చూడండి.

దేవుని కడప:
మాకూ ఇలాగే అయింది. పేరు మార్చగానే తెరుచుకుంది.

పెన్నేటి గట్టు:
ఏ విండోస్? 10 అయితే దానికి మద్దతు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది. ముందు 11కి మారండి.

హంద్రీ ఒడ్డు:
10 అన్నా. కానీ మా అబ్బాయి ఖాతా కూడా అందులోనే ఉంది, అక్కడ పాట వస్తోంది. గడియార స్తంభం గారూ, పేరు మార్చి చూశాను, తెరుచుకోలేదు. స్టార్ట్ మెనూ కూడా నా ఖాతాలో తెరుచుకోవడం లేదు.

గడియార స్తంభం:
అయితే ప్రొఫైలే, అంటే మీ పేరు మీద ఉన్న ఆ ఫోల్డరే, దెబ్బతింది. మీ ఖాతా సెట్టింగులను విండోస్ రాసుకునే పట్టిక (రిజిస్ట్రీ) అంతా మీ ఫోల్డరులో ఎన్‌టీయూజర్ అనే ఫైలులో ఉంటుంది. అందులో రాస్తుండగా కరెంటు పోతే అది పాడవుతుంది. కొత్త ఖాతా తెరవండి. మరో అడ్మినిస్ట్రేటర్ ఖాతా నుంచి డాక్యుమెంట్లు, పాటలు, ఫొటోలు దానిలోకి కాపీ చేయండి. ఎన్‌టీయూజర్ పేరుతో మొదలయ్యే ఫైళ్లను, అప్‌డేటాను మాత్రం తీసుకురావద్దు. తెస్తే రోగం కూడా వెంట వస్తుంది.

స్క్రూడ్రైవరు (కర్నూలు):
14 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కొత్త ఖాతా తాత్కాలిక వైద్యం. కరెంటు పోయినప్పుడు ప్రొఫైలు ఒక్కటే చెడిందని ఎలా చెబుతారు? డిస్కు చెడి ఉండవచ్చు. నేను ఒకరికి కొత్త ఖాతా తెరిచి ఇచ్చాను. నెల తిరగకుండా డిస్కు పోయింది, ఆయన దుకాణం ముందు నిలబడి నన్ను దొంగ అన్నాడు.

పెన్నేటి గట్టు:
11లోకి మారితే ఈ చర్చే అవసరం లేదు.

గడియార స్తంభం:
డిస్కు చెడితే ఫార్మాట్ చేసి ఏం లాభం? కొత్త డిస్కు వేయాలి. మీ మాట మీకే అడ్డం తిరుగుతోంది. చెడిందో లేదో విండోస్‌లోనే ఉన్న చెక్‌డిస్క్ అనే డిస్కు పరీక్ష పెట్టి చూడవచ్చు, అది ఎవరూ చూడరు. మా అమ్మాయి పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉండేవి. డెస్క్‌టాప్ కూడా ప్రొఫైలులోనిదే. మా ఊళ్లో ఒక దుకాణంలో అడగకుండా ఫార్మాట్ చేశారు. అప్పగింతల ఫొటో ఒక్కటీ మిగలలేదు. "డి డ్రైవులో పెట్టుకోవాలి సార్" అన్నారు. ఆ మాట ముందు చెప్పాలి కదా!

స్క్రూడ్రైవరు:
ఆ దుకాణం నాది కాదు. ఎవరో చేసిన తప్పుకు నన్ను నిలదీయకండి.

గడియార స్తంభం:
మీరు చెప్పే వైద్యం మాత్రం అదే.

స్క్రూడ్రైవరు:
సరే, అసలు సంగతి చెబుతాను, వినండి. ఫార్మాట్‌కు 500 అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు. మూడు గంటలు కూర్చుని ఖాతా మార్చి చూసి, డిస్కు పరీక్షించి, తప్పు ఎక్కడుందో కనిపెట్టి సరిచేస్తే "సామాను ఏమీ వేయలేదు కదా" అని 100 చేతిలో పెడతారు. పోయిన వారం ఒక మాస్టారు ఆ 100 కూడా ఇవ్వలేదు. నాకూ దుకాణం అద్దె ఉంది. వెతకడానికి కూలి ఇవ్వని చోట తుడిచేయడమే మిగులుతుంది. నా పనితనం తక్కువై కాదు.

దేవుని కడప:
ఇది మాత్రం నిజం.

గడియార స్తంభం:
ఆ మాట బల్ల మీద రాసి పెట్టండి. "చూసినందుకు ఇంత" అని ముందే చెబితే నేను ఇచ్చేవాడిని. ఆ ఫొటోల కోసం పదింతలు ఇచ్చేవాడిని. ఫార్మాట్ ఒక్కటే దారి అని అబద్ధం చెప్పడం వేరు, మీ కూలి అడగడం వేరు.

స్క్రూడ్రైవరు:
అడిగితే పక్క దుకాణానికి వెళ్లిపోతారు. మీరు అడిగి చూడండి, తెలుస్తుంది.

హంద్రీ ఒడ్డు:
మీ ఇద్దరి మధ్య నా లాప్‌టాప్ ఇంకా బల్ల మీదే ఉంది. రాత్రి కొత్త ఖాతా తెరిచాను. అబ్బాయి ఖాతా నుంచి కాపీ చేశాను. వీఎల్‌సీ తెరుచుకుంది. మొదటి క్యాసెట్టులో పాట మధ్యలో నాన్న "ఆగండి, అడుగు తప్పింది" అని, చెక్కలు ఒక్కొక్కటిగా ఆగిపోయే చప్పుడు ఉంటుంది. అది విన్నాక లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. పాటల జాబితాలు మ్యూజిక్ ఫోల్డరులోనే ఉన్నాయి, వచ్చేశాయి. కానీ 40లో రెండు ఫైళ్లు కాపీ కావడం లేదు. చదవలేకపోతున్నానని చెప్పి ఆగిపోతోంది. వాటి క్యాసెట్లు ఇప్పుడు లేవు.

గడియార స్తంభం:
డిస్కు విషయంలో ఆయన అనుమానం నిజమైనట్టుంది. మిగిలిన 38 వెంటనే పెన్‌డ్రైవులోకి తీయండి. అది అయ్యేవరకు చెక్‌డిస్క్ కూడా పెట్టవద్దు, తప్పులు సరిచేసేటప్పుడు అది డిస్కు మీద రాస్తుంది.

స్క్రూడ్రైవరు:
అవునమ్మా. తీసిన వెంటనే ఆపేయండి, ఇక ఆన్ చేయవద్దు. ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకూడదు. తీసుకురండి. ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలులో వెతుకుతాను. చూసినందుకు 300. ఆ రెండు పాటలు దొరికినా, దొరకకపోయినా.

హంద్రీ ఒడ్డు:
రేపు బడి వదిలాక తెస్తాను అన్నా. 300 ముందే ఇస్తాను.