వాతావరణ మార్పుకు మనిషే కారణమంటే నమ్మని మిత్రుడితో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న

నాకు ఇరవై ఏళ్లుగా ఆప్తుడైన మిత్రుడొకడు ఉన్నాడు. బాగా చదువుకున్నవాడు, ఏ లెక్కనైనా తిరగేసి చూడనిదే నమ్మని స్వభావం కలవాడు. భూమి వేడెక్కుతోందని ఒప్పుకుంటాడు కానీ, బొగ్గూ చమురూ కాల్చడమే అందుకు కారణమంటే మాత్రం, "మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడు ఏ కార్లు తిరిగాయి?" అంటాడు. కిందటి వారం గ్రీన్‌లాండ్ మంచుపొరల నుంచి లెక్కగట్టిన పదివేల ఏళ్ల ఉష్ణోగ్రతల గ్రాఫు ఒకటి ఫోనుకు పంపి, ఇప్పటికన్నా పూర్వమే వేడి ఎక్కువగా ఉండేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని అడిగాడు. శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాట అని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు అతనికి ఆనలేదు, నిజానికి నాకూ తృప్తినివ్వలేదు. స్నేహం చెడకుండా ఈ మాటను ఎలా కొనసాగించాలో చెప్పగలరు.

మొదటి జవాబు

ముందు ఆ గ్రాఫు అడుగున ఏళ్ల లెక్క ఎక్కడ ముగిసిందో చూడండి. ఆ రంగంలో "ప్రస్తుతం" అంటే 1950 అని వాడుక. ఇలా చేతులు మారుతూ తిరిగే గ్రీన్‌లాండ్ గ్రాఫులలో బాగా ప్రచారమైనదానిలో చివరి బిందువు అంతకు 95 ఏళ్ల వెనక, అంటే 1855 దగ్గరే ఆగిపోతుంది. మీకు వచ్చింది అదే అయితే, మీరిద్దరూ వాదించుకుంటున్న వేడి అంతా ఆ గీత ముగిశాక వచ్చినదే. పైగా అది ఒక్క మంచుగుట్ట మీది ఉష్ణోగ్రత, భూగోళమంతటిదీ కాదు.

మంచుయుగాల గురించి అతను చెప్పింది నిజమే కనుక, ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. భూమి కక్ష్యలోనూ అక్షం వాలులోనూ నెమ్మదిగా వచ్చే మార్పులతో అవి మొదలవుతాయి, ముగుస్తాయి. అయితే చివరి మంచుయుగం వీడి భూమి సుమారు ఐదారు డిగ్రీలు వేడెక్కడానికి వేల ఏళ్లు పట్టగా, ఇప్పుడు ఒక డిగ్రీకి పైబడిన పెరుగుదల నూటయాభై ఏళ్లలోనే వచ్చింది.

రెండో జవాబు

ఒకప్పుడు నేనూ మీ మిత్రుడి పక్షమే. నన్ను మార్చింది ఏకాభిప్రాయం కాదు, గాలిలోని కర్బనం ఎక్కడిదో తేల్చే పద్ధతి. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గులో, చమురులో కార్బన్-14 (కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కర్బనం) మిగలదు. అలాంటి కర్బనం గాలిలో కలిసేకొద్దీ అక్కడి కార్బన్-14 వాటా పలచబడాలి. సరిగ్గా ఆ పలచబాటునే హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త 1955లో చెట్ల కలపలో చూపించాడు. అగ్నిపర్వతాల కర్బనంలోనూ కార్బన్-14 ఉండదు కదా అని మీ మిత్రుడు అడగవచ్చు (నేను అడిగాను). మొక్కల నుంచి పుట్టిన ఇంధనాల్లో కార్బన్-13 (కర్బనంలోనే కాస్త బరువైన మరో రకం) కూడా తక్కువ. అగ్నిపర్వతాల వాయువులో అంత తక్కువ ఉండదు. గాలిలో ఆ వాటా కూడా తగ్గుతూనే ఉంది, ఏదో మండుతున్నట్టుగా ప్రాణవాయువు కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది.

ఇక మొత్తం ఎంతంటే, పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్, హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టిన 1958 నాటికి 315 అయింది, ఇప్పుడు 420 దాటింది.

సూర్యుడి ప్రస్తావన వస్తే ఒకటే అడగండి: ఎండ పెరగడమే కారణమైతే వాతావరణం కిందా పైనా వేడెక్కాలి కదా, మరి కింది పొర వేడెక్కుతుంటే దాని పైనున్న పొర స్ట్రాటోస్ఫియర్ ఎందుకు చల్లబడుతోంది?

మూడో జవాబు

పై వివరాలన్నీ సరైనవే అయినా, అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఎంతటి మిత్రుడైనా చెవులు మూసుకుంటాడు. అతను సందేహిస్తున్నది శాస్త్రాన్నా, లేక దాని పేరు చెప్పి రాబోయే పన్నులనూ ఆంక్షలనా అన్నది ముందు తెలుసుకోండి. రెండోదే అయితే కార్బన్-14 గురించి ఎంత చెప్పినా ఉపయోగం లేదు. ఆంక్షల మీద అతని అభ్యంతరాల్లో కొన్ని మీకూ సబబుగానే తోచవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఇద్దరమూ ఆ గ్రాఫును పెద్దది చేసి చూశాము. గీత 1855లోనే ఆగింది. అతను కాసేపు మాట్లాడలేదు, తరువాత, "సరే, మరి సూర్యుడి మాటేమిటి?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా స్ట్రాటోస్ఫియర్ ప్రశ్న అడిగాను. చూసి చెబుతానన్నాడు.