ఐటీ పెట్టుబడి: లెక్క తేలాకే డబ్బు పెట్టాలా?

పద్దుపుస్తకం:
కొత్త సాఫ్ట్‌వేర్ కావాలన్న ప్రతిసారీ "టైమ్ కలిసొస్తుంది" అంటారు. ఎంత కలిసొస్తుందో అంకెల్లో చూపించలేకపోతే పైసా కూడా ఇవ్వకూడదని నా వాదన. యంత్రం కొనేటప్పుడు లెక్క అడిగేవాళ్లం, ఐటీని మాత్రం ఎందుకు వదిలేయాలి?

తీగలాగు:
తొలి రెండేళ్ల అంకెలు చూసి కొట్టేస్తే మంచి పనులు కూడా ఆగిపోతాయండీ. కంప్యూటర్ యుగం అన్నిచోట్లా కనిపిస్తోంది, ఉత్పాదకత గణాంకాల్లో తప్ప అని 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో అన్నారు. 1990ల రెండో సగానికి అమెరికాలో ఆ గణాంకాలూ పుంజుకున్నాయి. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో ఈ ఆలస్యాన్ని కరెంటు మోటారుతో పోల్చారు. ఆవిరి ఇంజను తీసి అదే చోట మోటారు పెడితే పెద్దగా ఒరిగిందేమీ లేదు. యంత్రానికో మోటారు బిగించి, ఫ్యాక్టరీనే కొత్తగా అమర్చుకున్నాక లాభం వచ్చింది.

పద్దుపుస్తకం:
అది దేశాల లెక్క. సంస్థకు అంత ఓపిక ఉండదు. 100 పెడితే ఏటా 30 చొప్పున ఐదేళ్లు వస్తుందనుకోండి. 12 శాతం డిస్కౌంట్ రేటుతో, అంటే ముందుముందు వచ్చే డబ్బును ఏటా అంత చొప్పున తగ్గించి చూస్తే, దాని నేటి విలువ దాదాపు 108. అదే రాబడి ఒక్క ఏడాది ఆలస్యమైతే 97 లోపే. లాభం కాస్తా నష్టమైపోయింది.

రాత్రిడ్యూటీ:
మరి సెక్యూరిటీ అప్‌డేట్లకు రాబడి ఎక్కడ చూపించాలి? అక్కడ చేయకపోతే జరిగే నష్టాన్నే లెక్కేయాలి.

బిల్లులసెక్షన్:
నేను ఆ సాఫ్ట్‌వేర్ వాడే మనిషిని. మా దగ్గర బిల్లుకు 10 నిమిషాలు మిగులుతాయని ప్రతిపాదనలో రాశారు. స్క్రీన్ మీద పని నిజంగానే త్వరగా అయిపోయేది. తర్వాత అదే బిల్లు ప్రింట్ తీసి, నంబరు పాత రిజిస్టర్లో చేత్తో ఎక్కించి, సంతకం కోసం పై అంతస్తుకు పట్టుకెళ్లేవాళ్లం. ఆ సంతకం రూలు మార్చాలని ఎవరికీ తట్టలేదు. ఏడాది తర్వాత ఆమోదం కూడా స్క్రీన్ మీదికి వచ్చింది, రిజిస్టర్ బీరువాలోకి వెళ్లింది. బిల్లులు అదే రోజు కదలడం అప్పుడు మొదలైంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అదే!

అందుకే మిగిలిన నిమిషాలను జీతంతో గుణించి లాభం అంటే నేను ఒప్పుకోను. జీతం అంతే ఇస్తున్నప్పుడు, ఆ టైమ్‌లో వేరే పని జరగకపోతే సంస్థకు మిగిలిందేముంది? లైసెన్సు ధర పక్కనే శిక్షణ, పాత డేటా ఎక్కించడం, పాత పద్ధతి మాన్పించడం, వీటి ఖర్చూ రాయండి. మిగిలిన గంటలకు పూచీ ఎవరిదో పేరుతో సహా రాయండి.

పద్దుపుస్తకం:
ఇది నా ఫారంలో లేదు, చేరుస్తాను. డబ్బు మాత్రం విడతలుగానే. ముందు ఒక సెక్షన్‌కు, అక్కడ రిజిస్టర్ మూతపడ్డాక మిగతావాటికి.

తీగలాగు:
విడతలకు సరే. కానీ ఆ రిజిస్టర్ మూయించే అధికారం మొదటి విడతతోపాటే ఇవ్వండి.