యూటాలో ఉద్యోగం: ఇంటర్వ్యూలో ఇలా అడిగారు, ఏం చెప్పాలి?

కొత్తసభ్యుడు: అందరికీ నమస్కారం. లెహైలో ఒక పేమెంట్ కంపెనీలో (షాపులకి, సైట్లకి కార్డు చెల్లింపులు జరిపేది) శుక్రవారం చివరి రౌండ్. "అశ్లీల సైట్లను మేం కస్టమర్లుగా తీసుకోం, మీకేమైనా ఇబ్బందా?" అని హెచ్‌ఆర్ ఆవిడ అడిగింది. యజమాని మార్మన్ అట, అంటే యూటాలో ఎక్కువమంది ఉన్న ఆ క్రైస్తవ శాఖ చర్చి మనిషి. చేరాక చర్చికి రమ్మంటారా? టీ మానేయాలా? టెన్షన్‌గా ఉంది.

ప్రోవో పాతకాపు: తమ్ముడూ, టీ సంగతి ముందు. వాళ్లు కాఫీ, టీ, మందు, సిగరెట్ ముట్టరు. నువ్వు ఫ్లాస్కులో తెచ్చుకుంటే ఎవరూ ఏమనరు. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ మతాన్నిబట్టి ఉద్యోగం ఇవ్వను అనడానికి లేదు. ఏ కస్టమర్ వద్దో మాత్రం వాళ్లిష్టం.

సాల్ట్‌లేక్ సీనియర్: చట్టం అంత సూటిగా లేదండీ. డెసెరెట్ జిమ్ కేసు చూడండి. టెంపుల్ రికమెండ్ (మార్మన్ గుడిలోకి వెళ్లడానికి చర్చి ఇచ్చే అనుమతి పత్రం) లేదని ఉద్యోగిని తీసేస్తే, 1987లో సుప్రీంకోర్టు చర్చి పక్షానే తీర్పిచ్చింది.

ప్రోవో పాతకాపు: అది చర్చి నడిపిన జిమ్ సార్, లాభాల కోసం పెట్టింది కాదు. ప్రైవేటు కంపెనీకి వర్తించదు. కుర్రాణ్ణి భయపెట్టకండి.

ఓరెమ్ అక్క: ఆఫీసు సరే, ఇల్లు చూసుకునేటప్పుడు జాగ్రత్త బాబూ. మేం కొత్తలో ఒకాయన బేస్‌మెంట్‌లో దిగాం. వైఫై అద్దెలోనే, రౌటర్‌కి ఫిల్టర్. సంక్రాంతికి మా మరిది వచ్చి ఏదో ఫ్రీ సైట్‌లో తెలుగు సినిమా పెట్టాడు. నొక్కితే చాలు, పక్కనుంచి బూతు ప్రకటనలు. మర్నాడు సాయంత్రం ఓనర్ తలుపు కొట్టాడు. ఒక చేతిలో కుకీల ప్లేటు, ఇంకో చేతిలో సైట్ల పేర్లు, టైముతో సహా ప్రింటవుట్, మూడు లైన్లకి పసుపు మార్కర్. మావారు "అది కుటుంబ కథాచిత్రం సార్" అని చెప్పబోతే, ఆయన నవ్వకుండా "మా ఇంట్లో పిల్లలున్నారు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కుకీలు మాత్రం బాగున్నాయి. ఖాళీ చేసేటప్పుడు ఆ ప్రింటవుటే చూపించి డిపాజిట్ ఆపాడు. ఇక్కడ 30 రోజుల్లో తిరిగివ్వాలి, పట్టుకున్న ప్రతి డాలరూ దేనికో రాసివ్వాలి. ఉత్తరం రాశాకే డబ్బు వచ్చింది.

సాల్ట్‌లేక్ సీనియర్: అద్దెకున్నవాళ్ల దగ్గరే ఈ నియమాలన్నీ. మారియట్ హోటళ్ల వాళ్లది మార్మన్ కుటుంబమే. అప్పట్లో గది డ్రాయర్లో బైబిల్ పక్కన వాళ్ల మతగ్రంథం బుక్ ఆఫ్ మార్మన్, టీవీలో డబ్బు కడితే బూతు సినిమాలు ఉండేవి! ఆ కంపెనీ బోర్డులో కూర్చున్న రాజకీయ నాయకుడు మిట్ రామ్నీని 2007 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో దీని మీదే నిలదీశారు. మీ ప్రోవోలోనే 2000లో వీడియో షాపాయన మీద అశ్లీలత కేసు నడిచింది. కోర్టు ఎదురుగా ఉన్న మారియట్‌లో ఏమేం దొరుకుతాయో ఆయన లాయరు రికార్డు చేయించి చూపిస్తే, జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

ప్రోవో పాతకాపు: నిజమే. కానీ 2011లో వాళ్లే కొత్త హోటళ్లలో అవి తీసేస్తామని ప్రకటించారు కదా.

సాల్ట్‌లేక్ సీనియర్: జనం ఫోన్లలో చూడ్డం మొదలెట్టాక, గిరాకీ పడిపోయాక!

ఓరెమ్ అక్క: ఆలస్యంగానైనా తీసేశారుగా అన్నగారూ. ఇక్కడ ప్రభుత్వమే పట్టుబట్టి కూర్చుంది. 2016లో గవర్నర్ హెర్బర్ట్ అశ్లీల చిత్రాలను ప్రజారోగ్య సమస్యగా చెప్పే తీర్మానం మీద సంతకం పెట్టారు. 2023లో అలాంటి సైట్లకి వయసు నిర్ధారణ చట్టం వస్తే పోర్న్‌హబ్ అనే అశ్లీల సైట్ యూటా మొత్తానికి తనే తలుపులు మూసేసింది.

కొత్తసభ్యుడు: అక్కా, సార్, ఇంతకీ శుక్రవారం ఏం చెప్పను?

ప్రోవో పాతకాపు: ఇబ్బంది లేదని చెప్పు, అంతే. నీ మతం, అలవాట్లు వాళ్లడగలేదు, నువ్వూ ఎత్తకు. పైగా ఇది భక్తి ఒక్కటే కాదు. ఆ ఖాతాలకి కార్డు కంపెనీల దగ్గర 5967 అని వేరే వ్యాపార కోడ్, ఛార్జ్‌బ్యాకులు (కస్టమర్ ఒప్పుకోక బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తీసుకోవడం) ఎక్కువ, ఫీజులూ ఎక్కువ. మతం పట్టని కంపెనీలు కూడా చాలా దూరంగా ఉంటాయి. బట్టల షాపని ఖాతా తెరిచి లోపల ఆ సరుకు అమ్మేవాళ్లని ఎలా పట్టుకుంటారో నువ్వే అడుగు. నిన్ను తీసుకునేది బహుశా ఆ పనికే.